మూత్రపిండ వ్యాధి – మనము తిను లవణములు

కొల్లేటి ప్రాంతమున రోగిని పరామర్శింపబోవు వారు వట్టి చేతులతో పోరు. రెండు కొబ్బరిబొండములో, ఒక అరటిపండ్ల అత్తమో, నాలుగు బత్తాయిలో పట్టుకొని పోవుట మన మర్యాద. జ్వరపడి లేచినవానికి అవి మేలే చేయును. కాని మూత్రపిండములు బాగుగా చెడిపోయి, డయాలిసిస్ అంచున నున్న రోగికి ఆ బొండపు నీరే ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చును. ఇచ్చినవారికి తెలియదు, పుచ్చుకొన్నవారికి తెలియదు, మరునాడు గుండె ఆగినప్పుడు, 'మూత్రపిండముల జబ్బు ముదిరి పోయినాడు' అని మాత్రము చెప్పుకొందురు.

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి మందులు, డయాలిసిస్, మూత్రపిండ మార్పిడి ఎంత ముఖ్యమో, రోగి నోటికి చేరు ఉప్పు, పొటాసియము, భాస్వరము అనునవియు నంత ముఖ్యమే. ఇవి విషములు కావు. ఇవి లేక మనిషి బ్రతుకజాలడు. మూత్రపిండము ఆరోగ్యముగా నున్నంతవరకు శరీరమునకు మిత్రములైన ఈ ఖనిజ లవణములే, అది చెడిన పిమ్మట దానిని మరింత వేగముగా చెరచుటకో, గుండెకు ఎముకకు హాని చేయుటకో కారణమగును. ఇది వైద్యుడు ఒక్కడు తెలిసికొనిన చాలు విషయము కాదు. వంట ఇంట జరుగును, సంతలో జరుగును, కుళాయి చెంత జరుగును. కనుక గ్రామ పంచాయతీ సభ్యులును తెలిసికొనవలసియున్నది.

మూత్రపిండము చేయు పని

నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల పిడికిలంత పరిమాణముగల రెండు మూత్రపిండము లున్నవి. ఒక్కొక్క దానియందు సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు గలవు. ఇవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తము నుండి వడగట్టి, అందులో అత్యధిక భాగమును తిరిగి రక్తమునకే అప్పగించి, ఒకటిన్నర లేక రెండు లీటర్లను మాత్రము మూత్రముగా వెలువరించును. మన చేపల చెరువులకు తూము ఎట్టిదో శరీరమునకు మూత్రపిండ మట్టిది. ఎంత నీరు ఉండవలెను, ఎంత ఉప్పు ఉండవలెను, ఏది బయటికి పోవలెను అనునది ఆ తూము నిర్ణయించును.

చెడిపోయిన జల్లెడ మరల మొలవదు. మిగిలినవి దాని పనిని కూడ తమపై వేసికొనును. ఈ అదనపు భారముచే అవియును క్రమముగా చెడును. వ్యాధి నానాటికి ముదురుటకు ఇదియే ముఖ్య కారణము. సగము పని పోయినను రోగికి నొప్పి యుండదు. పాదముల వాపు, ఆకలి మందగించుట, ఆయాసము కనబడునప్పటికి చాలవరకు పని ముగిసియుండును.

వడగట్టు శక్తిని రక్తములోని క్రియాటినిన్ పరీక్ష ద్వారా లెక్కగట్టుదురు. ఆ లెక్క 90కి పైగా నున్న సాధారణముగా మంచిది. మూడు మాసములకు మించి 60కి లోబడియున్న దీర్ఘకాలిక వ్యాధి యందురు. 15కు దిగిన మూత్రపిండములు విఫలమైనట్లే. 60 నుండి 15కు దిగుటకు ఒకనికి మూడేండ్లు పట్టవచ్చును, మరియొకనికి ఇరువదియేండ్లు పట్టవచ్చును. ఈ కాలమును పొడిగించుటయే మన చేతిలోనున్న పని.

మన రాష్ట్రపు అనుభవము

శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమును గూర్చి వినని వారుండరు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా నుండు కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురము మండలములలో, మధుమేహముగాని రక్తపోటుగాని ముందుగా లేని వ్యవసాయ కూలీలు సైతము ఈ వ్యాధికి లోనగుచున్న సంగతి 1990 దశకము చివర నుండి వైద్యుల దృష్టికి వచ్చినది. ఎన్.టి.ఆర్. జిల్లా ఎ.కొండూరు మండలపు తండాలలోను ఇట్టి బాధ గలదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులలో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశముల చెరకు తోటల కూలీలలో ఇదే తీరు వ్యాధి కనబడినది. నీరు, ఎండ దెబ్బ, లోహములు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అని అనేక కారణములు పరిశీలించినారు. ఉద్దానమునకు ఒక్క కారణమును ఇదియేయని నిర్ధారణ చేయుట నేటికిని సాధ్యము కాలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. హిరమండలము జలాశయము నుండి ఆ గ్రామములకు మంచినీరు చేర్చు పథకమును అప్పుడే ప్రారంభించిరి.

ఉద్దానపు కథ చెప్పినంతనే మన గ్రామములోని ప్రతి రోగమునకును నీటినే నిందించుట తగదు. దేశమందు మూత్రపిండములను పాడుచేయు కారణములలో మొదటి రెండు మధుమేహము, రక్తపోటు. ఈ రెండును 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరిన మండవల్లి మండలమునకు కొత్తవి కావు. కారణమేదైనను, వ్యాధి మొదలైన తరువాత దాని నడకను ఆహార లవణములు మార్చుననుట మాత్రము అన్ని చోట్లకును వర్తించును.

ఉప్పు

లవణములలో మొదట చెప్పవలసినది ఉప్పు. ఉప్పులోని సోడియము నీటిని పట్టి యుంచును. మూత్రపిండము దానిని బయటికి పంపలేనప్పుడు నీరు శరీరమున నిలిచి, పాదములు వాచి, రక్తపోటు పెరుగును. ఆ పోటు మిగిలియున్న జల్లెడలపై బడి వాటిని చింపును. మూత్రములో మాంసకృత్తులు కారిపోవుట హెచ్చును. మూత్రపిండములను కాపాడుటకు వైద్యులిచ్చు రక్తపోటు మాత్రలు కూడ ఉప్పు అధికముగా తినువానియందు సరిగా పనిచేయవు. మందు వేసికొనుచు ఊరగాయ తినుట గట్టుకు ఒకవైపు మన్ను వేయుచు మరియొకవైపు గండి కొట్టుట వంటిది.

పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోబడిన ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మూత్రపిండ వ్యాధిగ్రస్తులకును ఇదియే హద్దు. అనగా తలగొట్టిన ఒక చిన్న చెంచాడు. మన దేశీయులు సగటున 8 గ్రాములు, అంతకు మించి తినుచున్నారని పరిశీలనలలో తేలినది. ఇంటి ఇల్లాలికి గ్రాముల లెక్క కష్టమైనచో నెల లెక్క చూడవచ్చును. నలుగురు పెద్దవారున్న ఇంట నెలకు అన్ని విధముల కలిపి 600 గ్రాములకు మించి ఉప్పు కడుపులోనికి పోరాదు. నెలకు ఒక కిలో పొట్లము వంటకే అయిపోవుచున్నచో లెక్క తప్పినట్లే.

కొల్లేటి గ్రామములలో ఉప్పు పలు దారుల వచ్చును. కూరలో, పులుసులో వేయునది ఒకటి. ఆవకాయ, మాగాయ, అప్పడము, వడియము, ఊరమిరపకాయ రెండవది. ఆవకాయకు కారము, ఆవపిండి, ఉప్పు దాదాపు సమముగా కొలిచి పోయువారికి ఆ జాడీలో ఎంత ఉప్పున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. మూడవది మన సీమకు ప్రత్యేకము: ఉప్పుచేప, ఎండుచేప, ఎండురొయ్య. పచ్చి చేపలో ఉప్పు స్వల్పము. దానినే ఉప్పులో ఊరవేసి ఎండబెట్టినచో రోజంతటికి సరిపడు ఉప్పు ఒక్క ముక్కతోనే లోనికి పోవచ్చును. నాలుగవది ఇటీవల వచ్చినది: అంగడిలోని చిప్సు, మిక్చరు, నూడుల్సు పొట్లములు.

రాతి ఉప్పు, సైంధవ లవణము, సముద్రపు ఉప్పు అని పేర్లు మార్చినంత మాత్రమున మేలు లేదు. అన్నింటను ముఖ్యముగా నున్నది సోడియమే. అయోడిన్ కలిపిన ఉప్పునే వాడవలెను, కాని తక్కువగా వాడవలెను. చెమటోడ్చి పనిచేయువారికి ఉప్పు అధికముగా కావలెనను అభిప్రాయము కలదు. మనము ఇప్పుడు తినుచున్న ఉప్పే ఆ నష్టమును పూడ్చి సాధారణముగా మిగిలిపోవును. చెరువు గట్లపై ఎండలో పనిచేయువారికి కావలసినది మంచినీరు, నీడ, విశ్రాంతి.

ఉప్పు తగ్గించిన నాలుక మొదట మొరాయించును. కొద్ది వారములలో అలవాటుపడును. నిమ్మరసము, అల్లము, వెల్లుల్లి, కరివేపాకు, జీలకర్ర, మిరియము ఆ లోటును చాలవరకు తీర్చును. వంటలో సగము తగ్గించి, ఉప్పు గిన్నెను విస్తరి దగ్గర నుండి తీసివేయుట మొదటి మెట్టు.

ఉప్పు మహిమను చాటు వృత్తాంత మొకటి అన్నము తిను మనము తెలిసికొనదగినది. రక్తపోటునకు సరియైన మందులు లేని 1940 దశకములో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునందు వాల్టర్ కెంప్నర్ అను జర్మనీ దేశపు వైద్యుడు తీవ్రమైన రక్తపోటు, మూత్రపిండ వ్యాధిగల రోగులకు ఉప్పు లేని అన్నమును, పండ్లను మాత్రమే పెట్టి చూచెను. పలువురికి వాపు తీసి రక్తపోటు దిగినది. అంత కఠినమైన పథ్యము నేడు అవసరము లేదు. అందులోని పండ్లు అందరు రోగులకును తగినవి కావు. అన్నములో దోషము లేదనియు, దానితో కలుపుకొనువాటిలోనే కలదనియు దీనివలన గ్రహింపవచ్చును.

పొటాసియము

కొబ్బరినీరు, అరటిపండు, బత్తాయి, టమాటా, బంగాళాదుంప, కంద, చేమ, ఆకుకూరలు, చింతపండు, పప్పులు – వీటియందు పొటాసియము సమృద్ధి. ఆరోగ్యవంతునికిది రక్తపోటును తగ్గించు మేలైన లవణము. మూత్రపిండ వ్యాధి తొలిదశలలో నున్నవారు కూడ, రక్తపరీక్షలో ఇది హద్దులో నున్నంతవరకు, పండ్లు కూరలు మానవలసిన పని లేదు. మానినచో నష్టమే.

వ్యాధి ముదిరినప్పుడు కథ మారును. పొటాసియమును బయటికి పంపు బాధ్యత ప్రధానముగా మూత్రపిండములదే. రక్తమున ఇది లీటరునకు 3.5 నుండి 5 మిల్లీమోల్‌ల మధ్య నుండవలెను. 6 దాటినచో గుండె కొట్టుకొను క్రమము తప్పవచ్చును. పెరుగునప్పుడు తరచుగా ఏ హెచ్చరికయు నుండదు. ఒక బొండములోని నీటిలో సుమారు అరగ్రాము, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పొటాసియ ముండును. ఒకే సాయంకాలమున ముగ్గురు బంధువులు తెచ్చిన మూడు బొండములు త్రాగిన రోగి గతి ఊహింపవచ్చును. వ్యాసము మొదట చెప్పిన మర్యాదలోని అపాయ మిదియే.

మరియొక అపాయము అంగడిలో నున్నది. 'తక్కువ సోడియము ఉప్పు' అను పేర వచ్చు పొట్లములలో సోడియమునకు బదులుగా కొంత పొటాసియము కలుపుదురు. చైనాలో 600 గ్రామములలో సుమారు 21 వేల మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్టి ఉప్పు వాడిన వారికి పక్షవాతము తగ్గినట్లు తేలినది. అయితే తీవ్రమైన మూత్రపిండ వ్యాధి గలవారిని ఆ పరిశోధనలో చేర్చుకొనలేదు. ఆరోగ్యవంతులకు మేలైన ఆ ఉప్పు మూత్రపిండ రోగికి వైద్యుని అనుమతి లేనిదే తగదు. ఇంటిలో నొకరికి వ్యాధి యున్నను, ఈ ఉప్పు పొట్లము కొనుటకు ముందు విచారింపవలెను. మూత్రపిండ రక్షణకు వాడు కొన్ని రక్తపోటు మాత్రలు కూడ పొటాసియమును కొంత పెంచును. అంతమాత్రమున వాటిని తమంత తాము మానరాదు. వైద్యుడు చెప్పిన గడువులో రక్తపరీక్ష చేయించుకొనవలెను.

పొటాసియము తగ్గింపుమని వైద్యుడు చెప్పిన రోగికి దుంపలు, కూరలు చిన్న ముక్కలుగా తరిగి, సమృద్ధిగా నీరుపోసి ఉడికించి, ఆ నీటిని పారబోసి వండవలెను. అందువలన పొటాసియము కొంత తొలగిపోవును. ఆరోగ్యవంతులు ఇట్లు చేయనక్కరలేదు, పోషకములు వ్యర్థమగును.

భాస్వరము, సున్నము

శరీరములోని భాస్వరములో సుమారు 85 పాళ్లు ఎముకలు, పండ్లలో నున్నది. రక్తమున ఇది 100 మిల్లీలీటర్లకు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాములు. ఈ అంకెను నేడు లోకమంతట పరీక్షశాలలు చెప్పగలుగుటలో మన ప్రాంతపు బిడ్డ చేయి కలదు. మండవల్లి మీదుగా పోవు రైలుమార్గమున నున్న భీమవరమునందు 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కూడి, రక్తములోను మూత్రములోను భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని అది శాస్త్ర గ్రంథములకెక్కినది.

మూత్రపిండము భాస్వరమును బయటికి పంపలేనపుడు శరీరము కొన్ని గ్రంథిరసములను అధికముగా ఉత్పత్తి చేసి దానిని త్రోయజూచును. ఆ ప్రయత్నములో ఎముకల నుండి సున్నము కరగును. ఎముకలు పెళుసగును, దురద పుట్టును, కరగిన సున్నము భాస్వరముతో కలిసి రక్తనాళముల గోడలపై పేరుకొని వాటిని బిగువుగా చేయును. రక్తమున భాస్వరము హెచ్చుగా నున్నవారిలో వ్యాధి త్వరగా ముదురుచున్నట్లు పరిశీలనలలో కనబడినది. దానిని తగ్గించినంతనే వ్యాధి నిలుచునని ఉప్పు విషయమున చెప్పినంత బలముగా చెప్పజాలము. ఎముకల కొరకు, గుండె కొరకు మాత్రము దానిని హద్దులో నుంచుట తప్పదు.

భాస్వరము ఎంత యున్నదను దానికంటె ఎక్కడనుండి వచ్చినదను ప్రశ్న ముఖ్యము. పప్పులు, గింజలలోనిది సగము కూడ ఒంటబట్టదు. పాలు, చేప, మాంసములలోనిది అంతకంటె అధికముగా ఒంటబట్టును. శీతల పానీయములలోను, నిలువ యుంచిన మాంస పదార్థములలోను, పొట్లముల తినుబండారములలోను కలుపు భాస్వర లవణములు దాదాపు పూర్తిగా రక్తమున చేరును. కనుక రోగి పప్పన్నము మానుటకంటె నల్లని సోడాసీసా మానుట ముందు చేయవలసిన పని. చేపల సీమలో చేపను నిషేధింపనక్కరలేదు. వైద్యుడు చెప్పిన పరిమాణములో తాజా చేప తినవచ్చును. ముల్లుతో సహా నమలు చిన్న చేపలలో భాస్వరము హెచ్చు. ఎముకల బలమునకని సున్నపు మాత్రలు, కడుపు మంటకని అంగడిలో దొరకు మందులు సొంతముగా వాడరాదు. వాటిలోని సున్నము, మెగ్నీషియము, అల్యూమినియము చెడిన మూత్రపిండమునకు భారము.

నీటి సంగతి

కొల్లేరు ఉప్పుటేరు ద్వారా సముద్రముతో సంబంధము గలది. పోటు సమయమున ఉప్పునీరు ఎగదట్టుట, బోరునీరు చౌడుదేరుట ఈ సీమ ప్రజలెరిగినదే. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో కరగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించరాదు; వేరు ఆధారము లేనిచోట 2,000 వరకు అనుమతింతురు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము, గత్యంతరము లేనిచోట 1.5 మిల్లీగ్రాములు హద్దు. ఉప్పునీరు త్రాగు ఇంట ఆహారములోని ఉప్పునకు నీటిలోని ఉప్పు తోడగును. ఆ మేరకు రోగి నష్టపడును.

ఖనిజ లవణములు వేరు, హానికర లోహములు వేరు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున వందలమంది హఠాత్తుగా అస్వస్థులైనపుడు రోగుల రక్త నమూనాలలో సీసము, నికెలు కనబడినవి. రుచిచేతగాని రంగుచేతగాని నీటిని నిర్ణయింపరాదనుటకు ఇది చాలు. పరీక్షయే ప్రమాణము.

పంచాయతీ చేయదగినవి

మొదటిది, ముందుగా కనుగొనుట. ముప్పదియేండ్లు దాటిన ప్రతివారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు ఆరోగ్య ఉపకేంద్రములో ఉచితముగా చేయుదురు. ఈ రెండింటిలో ఏదియున్నను, ఇంటిలో ఒకరికి మూత్రపిండ వ్యాధి యున్నను, ఏడాదికొకసారి మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ చూపించుకొనవలెను. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఇచ్చు జాబితాను సర్పంచి అధ్యక్షతనున్న గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘము ప్రతి సమావేశమున చూచి, పరీక్షకు రానివారిని రప్పింపవలెను.

రెండవది, నీరు. జలజీవన్ మిషన్ క్రింద గ్రామమున నీటి పరీక్షకు శిక్షణ పొందిన మహిళలున్నచోట వారి చేత వేసవికి ముందు ఒకసారి, వర్షములు వెలసిన పిమ్మట ఒకసారి పరీక్ష చేయించి, ఫలితమును పంచాయతీ బోర్డుపై వ్రాయింపవలెను. సందేహము తోచినపుడు నమూనాను ప్రయోగశాలకు పంపవలెను.

మూడవది, ఉప్పు. బడి మధ్యాహ్న భోజనమున, అంగన్‌వాడీలో, సమారాధనలలో కొలిచిన ఉప్పునే వేయు ఏర్పాటు చేయవచ్చును. పొదుపు సంఘముల సమావేశములో నెలకు 600 గ్రాముల లెక్క ఒక్కటి చెప్పినను చాలును.

నాలుగవది, నొప్పి మాత్రలు. కూలిపని చేసి వచ్చి ఒళ్లు నొప్పులకు అంగడి మాత్ర మింగు అలవాటు మూత్రపిండములకు చెరుపు. వైద్యుని చీటి లేనిదే వాటిని దీర్ఘకాలము వాడరాదని దండోరా వేయించిన తప్పులేదు.

ఐదవది, రోగికి అండ. డయాలిసిస్ ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఉచితముగా లభించుచున్నది. డయాలిసిస్ పొందువారికి సామాజిక పింఛను కలదు. అర్హులైనవారికి కాగితములు సిద్ధపరచుటలో సభ్యులు తోడ్పడవలెను. ఏ పథ్యమైనను ఆ రోగి రక్తపరీక్షనుబట్టి వైద్యుడు నిర్ణయించునది. పక్కింటి రోగి పథ్యము తనకు పనికిరాదు. అన్నియు మాని కృశించుటయు అపాయమే.

ఇంత చెప్పిన పిమ్మట పరామర్శ మర్యాదను మానుడని మా అభిప్రాయము కాదు. మూత్రపిండ రోగిని చూడబోవునపుడు, 'వైద్యులేమి తినుమనిరి?' అని ముందుగా ఆ ఇంటివారిని అడిగి పోవుడు. తెలియనిచో వట్టి చేతులతోనే పోవుడు. వారమునకు మూడు దినములు డయాలిసిస్‌కు పోవలసిన వానిని రైలుస్టేషనుకో ఆసుపత్రికో తీసికొనిపోయి, సాయంకాలము ఇంట దింపుట కొబ్బరిబొండముకంటె గొప్ప కానుక. ఆ మార్పును గ్రామమున మొదలిడదగినవారు పంచాయతీ సభ్యులే.